మడి బీరువా

హంసిని తన కొత్త కాపురానికి ముచ్చటపడి కొనుక్కున్న పాత టేకు బీరువా తలుపు తీసేసరికి, చీరలు సర్దుకోవాల్సిన చోట, దాన్ని ఆమెకి అమ్మిన సుందరరాజు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని చచ్చి కూర్చున్నాడు.

అది మంగళవారం సాయంత్రం ఆరు గంటలకి. బుధవారం పొద్దున ఎనిమిదికల్లా సి.ఐ. రూపేష్ కేసు తేల్చేశాడు. బీరువాని వడమాలపేట షెడ్డు నుంచి తిరుపతికి తోలుకొచ్చిన వడ్రంగి చిన్నబ్బే హంతకుడు. శవం పక్కన దొరికిన రక్తం మరకల కొయ్య సుత్తి చిన్నబ్బది. సుందరరాజు మోటార్ సైకిలు షెడ్డులోనే ఉంది కాబట్టి అతను వడమాలపేట దాటలేదు. అక్కడే చంపి, బీరువాలో కుక్కి, తాళం వేసి, బండికెత్తారు. సాయంత్రం నాలుగింటికి ముద్దాయిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడమే తరువాయి.

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి ప్రైవేటు డిటెక్టివ్ ఏబెల్ స్టేషన్ వెనక గదిలో చిన్నబ్బ ఎదురుగా కూర్చున్నాడు. పదిహేను నిమిషాలు ఇచ్చారు. అదీ ఒకప్పుడు ఏబెల్ ఇదే స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌గా చేశాడన్న మొహమాటానికి. చిన్నబ్బ పెళ్ళాం అమల పొద్దున్నే వచ్చి ఏబెల్ గుమ్మంలో కూలబడింది. "నాలుగ్గంటలు దాటితే నా మొగుడు మళ్ళ ఇంటికి రాడన్నా" అన్న మాట తప్ప ఇంకో మాట ఆమె నోటి నుంచి రాలేదు.

చిన్నబ్బ పైపెదవి వాచి ఉంది.

"కొట్టినారా?"

"అడిగినారన్నా. వాళ్ళు అడిగే తీరు అదే గదా."

"నాకు మొదట్నుంచి చెప్పు. టైములతో చెప్పు."

"తొమ్మిదిన్నరకి వడమాలపేటలో బండికెత్తినాం. నేనూ, అడ్డా మీద పిల్చుకున్న ఇద్దరు కూలోళ్ళూ. బండి నేనే తోలినా. ఓనరు సుందరరాజు నా పక్కన కూసున్యాడు. పదిన్నరకి ఆ ఇంటికాడ దించినాం. పన్నెండుంబావుకి పని అయిపాయ. మేం ముగ్గురం వచ్చేస్తిమి. ఓనరు ఆగినాడు. హంసిని పాప బ్యాంకు పని నుంచి వచ్చినాక తానే చూపించి, బస్సుకి వస్తానన్యాడు."

"ఇంట్లో ఎవురుండిరి?"

"పాప వాళ్ళ నాయన. దేవనాథన్ సారు ఒక్కడే."

"ఆయనేమంటాండాడు?"

"సుందరరాజుని సూడనే లేదంట! బీరువాకి తాళమేసి, అట్నే నిలువునా మోసుకొచ్చి పెట్టినామంట." చిన్నబ్బ నవ్వబోయి పెదవి నొప్పికి ఆగిపోయాడు. "అంత పెద్ద సారు అబద్ధమాడతాడా అని నన్ను ఇంకో నాలుగు పీకినారు."

"కూలోళ్ళు యాడుండారు?"

"ఒడిశా పిల్లోళ్ళు. పేరు గూడా అడగలా. రైలెక్కేసినారేమో."

"సుత్తి?"

"నాదే. పైనే మరిసిపోయినా. కిందికొచ్చినాక గుర్తొచ్చింది. మళ్ళ మెట్లెక్కాలంటే బద్దకమేసింది, రేపు తెచ్చుకుందాంలే అనుకున్యా." అతను తల గోడకి ఆనించాడు. "పద్దెనిమిది మెట్లన్నా. ఎక్కుంటే ఓనరు బతికుండునేమో."

ఏబెల్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నిలువునా మోసినారా?" అని అడిగాడు.

"ఏందన్నా, నువ్వు గూడానా! మీ నాయన వడ్రంగే గదా. పాత బీరువాని నిలువునా ఎవుడన్నా మోస్తాడా?"

ఒకటీ యాభైకి ఏబెల్ దేవనాథన్ ఇంటి మెట్ల మలుపులో గొంతుకూర్చుని, నూలు దారంతో గోడకీ గోడకీ మధ్య కొలుస్తున్నాడు. కింద వాటాలో దేవనాథన్ ఉంటాడు. ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు, ముప్పై ఏళ్ళ సర్వీసు, మచ్చ లేని మనిషి. భార్య పోయింది. పై వాటా ఒక్కగానొక్క కూతురు హంసిని కోసం కొత్తగా కట్టించాడు. చెన్నైలో ఉన్న అల్లుడు వచ్చే నెల బదిలీ మీద వస్తాడు.

"ఏం ఏబెల్ సారూ, దారం ఒక్కటేనా? మీ నాయన బాడిస తెచ్చుకోలేదా?"

పై మెట్టు మీద నిలబడి రూపేష్ నవ్వుతున్నాడు. ముప్పై రెండేళ్ళవాడు. ఇస్త్రీ చెదరదు.

"దారం చాలు సార్. ఈ మెట్ల వెడల్పు మూడడుగులు. మలుపులో పై స్లాబు ఆరడుగులకి దిగింది. మీ బీరువా ఏడున్నర అడుగుల ఎత్తు, నాలుగున్నర వెడల్పు. నిలబెడితే స్లాబుకి తగులుతాది. పడుకోబెడితే మలుపు తిరగదు."

"బాల్కనీ మీంచి తాళ్ళేసి లాగుంటారు."

"బాల్కనీకి గ్రిల్లు వెల్డింగ్ చేసుండారు. పోయిన నెలే. పెయింటు గూడా చెదరలా, సూసుకోండి."

"అయితే గాల్లో ఎగిరొచ్చిందా?"

"ముక్కలుగా వచ్చింది సార్. ఆ కాలం బీరువాల్లో ఇనప మేకు ఉండదు. అన్నీ చెక్క చీలలే. చీలలు తట్టి పీకితే పదకొండు ముక్కలవుతాది. పైకి మోసినాక మళ్ళీ బిగించుకుంటారు. ఏ వడ్రంగినైనా అడగండి. పదకొండు ముక్కల్లో శవాన్ని ఏ ముక్కలో దాచి తెచ్చినాడు సార్ చిన్నబ్బ?"

రూపేష్ నవ్వు ఆగింది. కానీ అతను తెలివితక్కువవాడు కాదు. రెండు మెట్లు దిగి, గొంతు తగ్గించి అన్నాడు.

"సరే. వడమాలపేటలో కాదు, పైకొచ్చినాక ఇక్కడే చంపినాడు. నాకు పోయేదేముంది? రిపోర్టులో ఒక లైను మారుతుంది."

"మరి నిలువునా వచ్చిందని దేవనాథన్ సారు సంతకం పెట్టి చెప్పినాడే?"

"కింద ఏదో పనిలో ఉండి సరిగా చూసుండడు."

"సూడనోడు సూసినానని సంతకం పెట్టినాడా?"

"ఏబెల్!" రూపేష్ గొంతు గట్టిపడింది. "ఒక పక్క ముప్పై ఏళ్ళ సర్వీసున్న ఆఫీసరు. ఇంకో పక్క వడ్రంగి. కోర్టు ఎవరి మాట నమ్ముతుందో నీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు సార్. ఇరవై రెండేండ్లు నేనే నమ్మించినా."

ఆ మాట రూపేష్‌కి తగల్లేదు. తగలాలని అన్నది కూడా కాదు. ఏబెల్ అతని పక్కనుంచి పైకెక్కాడు. గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

బీరువా పడకగదిలో నైరుతి మూల, తలుపులు ఉత్తరానికి తెరుచుకునేలా నిలబడి ఉంది. నల్లబడ్డ బర్మా టేకు. శవాన్ని రాత్రే తీసుకుపోయారు. ఏబెల్ తలుపులు బార్లా తీశాడు. లోపల పక్క గోడలకి అరలు ఆనే బద్దీలు మూడు జతలు ఉన్నాయి. అరలు మాత్రం లేవు. మనిషిని కూర్చోబెట్టడానికి పీకేశారు.

"అరలు దొరికినాయా సార్?"

"షెడ్డులో పడుంటాయి. వెతికిస్తాం."

ఏబెల్ ఎడమ తలుపు లోపలి వైపు చూశాడు. మిగతా చెక్కంతా ముదురు గోధుమ రంగులో మెరుస్తుంటే, ఛాతీ ఎత్తున ఒక చదరపు మూర మేర తెల్లగా, పచ్చిగా కనపడుతోంది. ఎవరో ఉప్పుకాగితంతో రుద్దారు. వేలితో తడిమాడు. గీతలు అడ్డంగా, వంకరటింకరగా ఉన్నాయి.

"దీన్ని వడ్రంగి రుద్దలేదు సార్."

"ఎందుకని?"

"చెక్కకి నార నిలువుగా ఉండాది. పని తెలిసినోడు నార ఎంబడే రుద్దుతాడు. అడ్డంగా రుద్దితే గీతలు పడి సచ్చినా పోవు. మొదటిరోజు మా నాయన నాకు చెప్పిన మాట అదే. ఇది ఎప్పుడూ చెక్క ముట్టనోడు, వణికే చేత్తో, తొందర తొందరగా రుద్దింది."

రూపేష్ వంగి చూశాడు.

ఏబెల్ హంసినిని పిలిచాడు. రాత్రంతా నిద్రలేక ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అమ్మా, ఈ కాలం పిల్లలు ప్లైవుడ్ వార్డ్‌రోబులు చేయించుకుంటారు గదా. నీకు ఈ పాత బీరువా మీద ఎందుకు మనసు పడింది?"

"ఇది మా పాటిది సార్." నాయనమ్మని ఆ ఇంట్లో పాటి అంటారు. "మడి బీరువా. పాటి తలస్నానం చేసి మడి కట్టుకుని తీయాల్సిందే, ఇంకెవరూ ముట్టకూడదు. నేను పావడా తగిలించినా మళ్ళీ స్నానం చేసేది. రెండేళ్ళ కిందట పాటి పోయిన నెలకే నాయన దీన్ని అమ్మేసినారు. నాకు తెలిసేసరికే పోయింది. మొన్న పాత బీరువాల కోసం షెడ్లన్నీ తిరుగుతుంటే వడమాలపేటలో కనపడింది. చూడగానే గుర్తుపట్టినా."

"ఎట్లా గుర్తుపట్టినావు?"

"తలుపు తీస్తే లోపల పాటి రాత ఉండె సార్. ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా తిథి, వారం, సమయం పెన్సిల్‌తో రాసి పెట్టుకుంది. నేను పుట్టింది కూడా. ఆ రాత కోసమే కొన్నా. దాని మీద పాలిష్ పెట్టొద్దని సుందరరాజు గారితో ఒట్టేయించుకున్నా..."

మాట్లాడుతూనే ఆమె తలుపు వైపు చూసింది. సాయంత్రం తలుపు తీసినప్పుడు శవం తప్ప ఇంకేదీ ఆమె కళ్ళకి ఆనలేదు. ఇప్పుడు చూసింది. గుమ్మం దాటి వచ్చి ఆ తెల్లని చెక్క మీద అరచెయ్యి ఆనించింది.

"ఎవరు చెరిపినారు?"

"మీ నాయనకి ఈ రాత సంగతి తెలుసా?"

"తెలీదు సార్. ఆయన ఈ తలుపు ముట్టిందే లేదు. ఆఫీసు బట్టలతో దగ్గరికి పోతేనే పాటి కేకలేసేది. నేను కూడా చెప్పలా. బీరువా వచ్చినాక తానే తీసి చూసుకుని సంతోషపడతాడని..."

ఆమె వెనక వంటింటి తలుపు తెరిచి ఉంది. ఏబెల్ చూపు ఆమె భుజం మీదుగా వంటింటి గూటిలోకి పోయి అక్కడే ఆగింది. గూటిలో మూడు చెక్క పలకలు. వాటి మీద వరసగా కొత్త స్టీలు డబ్బాలు.

"ఆ పలకలు ఎవరు పెట్టినారమ్మా?"

"నాయనే. ఆ గూటికి అరలు కావాలని నెల నుంచి అడుగుతున్నా. నిన్న బ్యాంకు నుంచి వచ్చేసరికి పెట్టేసి, డబ్బాలు కూడా సర్దేసినారు."

ఏబెల్ వంటింట్లోకి పోయి, ఒక్కొక్క డబ్బా దించి నేల మీద పెట్టాడు. పై పలకని లాగి, దుమ్ము తుడిచి, పడకగదిలోకి తెచ్చాడు. బీరువాలో పై బద్దీల మీద దాన్ని తోశాడు. కొత్తగా కొలిచి కోసినట్టు, ఎక్కడా వెంట్రుకవాసి సందు లేకుండా వెళ్ళి కూర్చుంది.

హంసిని ఆ పలకనే చూస్తోంది. రూపేష్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎందుకు?" అన్నాడు రూపేష్. "చెక్క మీది రాత కోసం మనిషిని చంపుతాడా ఎవడైనా?"

"ఏం రాతో సూడాల. అమ్మా, దాని ఫోటో ఏమైనా తీసుకున్నావా?"

"షెడ్డులో తీసుకున్నా." ఫోన్ తెరిచింది. "నేను పుట్టిన వరస ఒక్కటే చదువుకున్నా. మిగతాది తీరిగ్గా చదవొచ్చులే అని..."

"పైనుంచి చదువమ్మా."

ఆమె చదివింది. అత్తగారి చావు, పురిట్లో పోయిన ఒక బిడ్డ, దేవనాథన్ పుట్టుక. నాలుగో వరస దగ్గర ఆగింది.

"భావ నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ దశమి, శనివారం సాయంత్రం. ఆయన పరమపదించినారు." నుదురు చిట్లించింది. "దశమి కాదే! తాత తద్దినం మేము షష్ఠికి పెడతాం. ప్రతి ఏడూ."

"మీ పాటి పొరపాటు పడిందేమో."

"పాటి తిథి తప్పదు సార్. పంచాంగం చూడకుండా చెప్పేది."

"నాకు తిథులు తెలీవు తల్లీ. షష్ఠికీ దశమికీ ఎన్ని రోజులు?"

"నాలుగు."

"మీ తాత ఏ తేదీన పోయినాడని చెప్పుకుంటారు మీ ఇంట్లో?"

"తొంభై నాలుగు, జూన్ ఇరవై ఎనిమిది. ముప్పయ్యో తేదీ రిటైర్మెంటు. ఇంకో రెండు రోజులుందనగా సర్వీసులోనే పోయినారు. అందుకే ఆయన బదులు ఆ ఉద్యోగం నాయనకి..."

వాక్యం ఆమె నోట్లోనే విరిగిపోయింది.

ఏబెల్ వేళ్ళు మడిచి లెక్క పెట్టాడు. జూన్ ఇరవై ఎనిమిదికి నాలుగు రోజులు కలిపితే జూలై రెండు. ఉద్యోగంలో ఉండగా తండ్రి పోతే కొడుక్కి ఉద్యోగం ఇస్తారు. రిటైరయ్యాక పోతే ఇవ్వరు. రిటైరైన రెండు రోజులకి పోయిన తండ్రిని కాగితం మీద రిటైర్మెంటుకి రెండు రోజుల ముందే చంపి, దేవనాథన్ ముప్పై ఏళ్ళు జీతం తీసుకున్నాడు. ఆ అబద్ధం నిలబడాలంటే ఇంట్లో తద్దినం కూడా అబద్ధపు తిథికే పెట్టాలి. పెట్టాడు. నిజం మాత్రం అదే ఇంట్లో, తన చెయ్యి తగలకూడని ఒకే ఒక్క తలుపు వెనక రాసి ఉంది. తెలియక దాన్ని తానే బయటికి అమ్ముకున్నాడు.

"హంసినీ, కిందికి పో."

దేవనాథన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నుదుట తిరుమణి చెదరలేదు, తెల్లటి పంచె నలగలేదు. ఎప్పుడు మెట్లెక్కాడో ఎవరూ వినలేదు.

"నేను పోను నాయనా."

"సి.ఐ. గారూ, ఈ మనిషిని ఎవరు రానిచ్చినారు? మా అమ్మ ముసలితనంలో పిచ్చి గీతలు గీస్తే, దాన్ని పట్టుకుని..."

"ముసలితనంలో కాదు సార్" అన్నాడు ఏబెల్. "ఆ పొద్దు ఆమెకి యాభై గూడా ఉండవు. ఆ సుందరరాజు మీకేం అపకారం చేసినాడు?"

"వాడా? వాడు నన్ను బెదిరించినాడు!" దేవనాథన్ గొంతు ఒక్కసారిగా లేచింది. "అంతా చదివి పెట్టుకున్నాడు వాడు. ఫోటో ఉందన్నాడు. ఉందని నవ్వినాడు!"

చూడనే లేదని సంతకం పెట్టి చెప్పిన మనిషి గురించి తానేం మాట్లాడాడో ఆయనకి మాట జారాక గానీ అర్థం కాలేదు.

రూపేష్ ఫోన్ తీశాడు. ఏబెల్ ముఖం వైపు చూడకుండా స్టేషన్‌కి కలిపాడు. "చిన్నబ్బని కోర్టుకి తీసుకుపోవద్దు. ఆపండి... ఆపండయ్యా, కారణం తర్వాత చెప్తా." మూడూ పది అయింది.

హంసిని తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడవడం లేదు.

"సుందరరాజు గారికి చదవడం రాదు నాయనా. వేలిముద్ర మనిషి. ఆ తలుపు మీద ఏముందో నన్నే అడిగినాడు. నేను పుట్టిన వరస చదివి వినిపిస్తే నవ్వినాడు. ఫోటో ఉండాదని చెప్పింది నా ఫోన్లోదే అయ్యుంటుంది."

దేవనాథన్ కూతురిని చూశాడు. తర్వాత బీరువాని చూశాడు. ముట్టకూడదేమో అన్నట్టు దానికి బెత్తెడు దూరంలో గోడకి ఆనుకుని, మెల్లగా నేల మీదికి జారి కూర్చున్నాడు. మళ్ళీ నోరు తెరిచినప్పుడు ఆఫీసరు గొంతు పోయి, ఊరి గొంతు వచ్చింది.

"చదువు రాదా... నాకు తెలీదు. చేసింది నేనే. ఆ వడ్రంగిని వదిలేయండి. నాయన ఇరవై ఎనిమిదో తేదీ నుంచే తెలివి లేకుండా పడి ఉండె. డాక్టరు పొద్దునకి ఉండడన్యాడు. పొద్దునకీ ఉండె. ముప్పై దాటింది. నేను మంచం పక్కన కూసోని, ఇంకా ఎందుకు పోవు నాయనా అని అడిగినా. తలెత్తితే అమ్మ నిలబడుండాది. విన్నది. రెండో తేదీ పోయినాడు. సర్టిఫికెట్టు ఇరవై ఎనిమిదికి రాయించినా. అమ్మ ఒక్క మాట అనలా. నేను షష్ఠికి తద్దినం పెడితే మడి కట్టుకుని వండింది, వడ్డించింది. దశమి నాడు మాత్రం పస్తుండేది. కడుపునొప్పి అనేది. బతికినన్నాళ్ళూ ప్రతి ఏడూ అదే రోజు కడుపునొప్పి. ఎందుకమ్మా అని నేను అడగలా. నాకు తెలుసు గాబట్టి. నిన్న వాళ్ళు పోయినాక ఊరికే తలుపు తీసినా. అమ్మ చేతిరాత. తడిగుడ్డతో తుడిస్తే పోలా. వడ్రంగి వదిలిపోయిన ఉప్పుకాగితం ఉండె, రుద్దినా. సుందరరాజు వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్యాడు. 'వద్దు సారూ, పాపకి మాటిచ్చినా, ఆ రాత ముట్టొద్దు' అన్యాడు. 'మీరు చెరిపినా ఫోటో ఉండాదిలే' అని నవ్వినాడు. సుత్తి చేతికి అందింది. అరలు పీకి, లోపల కూర్చోబెట్టి, తాళమేసినా. పొద్దు గూకినాక ఎట్లన్నా తీసేద్దామనుకున్యా. నా కూతురి దగ్గర ఇంకో తాళంచెవి ఉండాదని తెలీదు. మా నాయన ఎప్పుడు పోతాడా అని నాలుగు దినాలు మంచం పక్కన కాసుకోని కూసున్యా సార్. ఈయన ఒక్క దెబ్బకే పోయినాడు."